సైనసైటిస్ నాలుగు నెలలైనా తగ్గట్లేదు, సీటీ చూసి ఆపరేషన్ అంటున్నారు. ఈలోగా చేయాల్సింది ఇంకేమైనా ఉందా?

కృష్ణాతీరం (ప్రశ్న)

వయసు 36. షుగర్, బీపీ, ఆయాసం లేవు. నాలుగు నెలలుగా ముక్కు రెండు పక్కలా దిబ్బడ, బుగ్గల మీద బరువు, గొంతులోకి చిక్కటి కఫం జారడం. వాసన సగానికి సగం తగ్గింది. జ్వరం లేదు.

ఇప్పటిదాకా వాడినవి: అజిత్రోమైసిన్ 500 మూడు రోజులు, అమాక్సిసిలిన్ క్లావులనేట్ 625 ఏడేసి రోజుల చొప్పున రెండుసార్లు, మాంటెలుకాస్ట్ లెవోసెట్రిజిన్ నెల రోజులు. ఫ్లూటికాసోన్ స్టెరాయిడ్ స్ప్రే పది రోజులు కొట్టాక చీమిడిలో రక్తం చారలు కనబడితే ఆపేశాను. రాత్రి నిద్ర పట్టక ఆక్సీమెటాజోలిన్ చుక్కలు, అవి రెండు నెలల నుంచీ. రోజూ రెండు పూటలా ఆవిరి. జలనేతి (ఉప్పునీటితో ముక్కు కడగడం) మొదలుపెడితే లోపల భగ్గుమని మంట. కుళాయి నీళ్ళు గోరువెచ్చగా చేసి, ఉప్పు అందాజుగా వేశాను.

సీటీ రిపోర్టు: రెండు బుగ్గ సైనస్‌లలో పొర మందం, ముక్కు దూలం ఎడమకి వంకర, కుడివైపు కాంకా బుల్లోసా. సీటీ తీసిన రోజుకి కొత్తగా జలుబు పట్టి మూడో రోజు. రిపోర్టు చూసి ఎండోస్కోపిక్ ఆపరేషన్ చేయించుకోమన్నారు.

ఇప్పుడే చేయించుకోవాలా, ఇంకేమైనా దారి ఉందా? ఆ స్ప్రే మళ్ళీ మొదలుపెట్టొచ్చా? నేతి మంట ఎందుకు?

ముక్కుసూటి

ఆపరేషన్ సంగతి తర్వాత. ముందు మీరు రాసిన లెక్కే మళ్ళీ చూడండి. నాలుగు నెలల్లో ఈ జబ్బుకి అసలైన మందు, అంటే ఆ స్ప్రే, పడింది పది రోజులు. మిగతా కాలమంతా దీనితో పెద్దగా సంబంధం లేని మందులతోనో, దీన్ని ఇంకా పెంచే చుక్కలతోనో గడిచింది. దీన్ని మందులకి లొంగని కేసు అనడానికి లేదు.

పన్నెండు వారాలు దాటితే దీర్ఘకాలిక సైనసైటిస్ అంటారు. పేరు ఒకటే గానీ, జలుబు ముదిరి వచ్చే సైనసైటిస్‌కీ దీనికీ పోలిక తక్కువ. ఇక్కడ ముఖ్యంగా జబ్బంటే లోపొర వాపే. సూక్ష్మజీవిది రెండో పాత్ర. మూడు కోర్సుల యాంటీబయాటిక్ పడినా మార్పు రాకపోవడానికి కారణం అదే. కొత్తగా వచ్చిన సైనసైటిస్‌కి కూడా యాంటీబయాటిక్ ఆలోచించేది మూడు సందర్భాల్లోనే: జలుబు పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోతే, మొదటి నుంచే 102 డిగ్రీల జ్వరంతో మూడు నాలుగు రోజులు చీములాంటి చీమిడి కారితే, లేదా తగ్గినట్టే తగ్గి ఐదారో రోజున తిరగబెడితే. చీమిడి పచ్చగా ఉందన్నది ఆధారం కాదు. ఆ రంగు మన తెల్లరక్తకణాల నుంచి వచ్చేదే, వైరస్ జలుబులోనూ వస్తుంది. అజిత్రోమైసిన్‌కయితే న్యుమోకాకస్ (సైనసైటిస్ తెచ్చే ఒక బాక్టీరియా) బాగా మొండికేసింది, దాన్ని మొదటి మందుగా వాడొద్దనే అంటారు.

ఇక సీటీ. జలుబు పట్టిన మూడో రోజున తీస్తే ఎవరికైనా పొర మందంగానే కనిపిస్తుంది. 1994లో అమెరికాలో మామూలు జలుబు ఉన్న 31 మందికి సీటీ తీసి చూస్తే 87 శాతం మందికి బుగ్గ సైనస్‌లలో మార్పులున్నాయి. రెండు వారాల తర్వాత కొందరికి మళ్ళీ తీస్తే, ఏ యాంటీబయాటిక్ లేకుండానే చాలామందిలో అవి పోయాయి, లేదా బాగా తగ్గాయి. దూలం వంకర, కాంకా బుల్లోసా (ముక్కు లోపలి మడత ఎముకలో గాలి గది ఉండటం) ఏ ఇబ్బందీ లేనివాళ్ళలోనూ బోలెడంతమందికి ఉంటాయి. రిపోర్టులో ఆ మాట కనబడగానే అదే కారణమని తేల్చేయకూడదు.

స్ప్రే మళ్ళీ మొదలుపెట్టొచ్చు, పెట్టాలి కూడా. రక్తం చారలు మందు పడక వచ్చినవి కావు, దాదాపుగా సీసా పట్టుకున్న తీరు వల్ల వచ్చినవి. మనందరం కుడి చేత్తోనే సీసా పట్టుకుని కుడి ముక్కులోనూ కొడతాం. అప్పుడు సీసా మూతి మధ్య దూలానికి ఎదురుగా తిరుగుతుంది. దూలం ముందు భాగంలో సన్న రక్తనాళాలు గుంపుగా ఉంటాయి. రోజూ అక్కడే తుంపర తగిలితే పొర ఎండి చిట్లుతుంది.

సరైన పద్ధతి ఇది. కొత్త సీసా అయితే సన్నటి తుంపర వచ్చేదాకా ఐదారుసార్లు గాల్లోకి నొక్కండి. మెల్లగా చీదండి. తల వెనక్కి వాల్చొద్దు, కాలి బొటనవేళ్ళు చూస్తున్నట్టు కాస్త ముందుకి వంచండి. కుడి ముక్కుకి ఎడమ చెయ్యి, ఎడమ ముక్కుకి కుడి చెయ్యి. అలా పట్టుకుంటే మూతి దానంతటదే అదే పక్క కంటి బయటి కొన వైపు తిరుగుతుంది. నొక్కుతూ, పువ్వు వాసన చూసినంత మెల్లగా పీల్చండి. గట్టిగా ఎగబీలిస్తే మందు గొంతులోకి పోతుంది. నాలుక వెనక మందు రుచి తగిలిందంటే జరిగింది అదే.

మోతాదు: ఒక్కో నొక్కుకి 50 మైక్రోగ్రాములుండే ఫ్లూటికాసోన్ ప్రొపియోనేట్ గానీ మొమెటాసోన్ గానీ, ఒక్కో పక్క రెండు నొక్కులు, రోజుకి ఒకసారి. ఒకటి రెండు వారాల దాకా తేడా తెలియకపోవచ్చు. కనీసం 8 నుంచి 12 వారాలు ఒక్కరోజూ మానకుండా వాడాకే పనిచేసిందో లేదో చెప్పగలం. మళ్ళీ చార కనబడితే ఆ పక్క మూడు నాలుగు రోజులు ఆపి, లోపలి అంచుకి పల్చగా పెట్రోలియం జెల్లీ రాసి, తర్వాత మొదలుపెట్టండి. ధారగా కారితే మాత్రం డాక్టరుకి చూపించాలి. స్టెరాయిడ్ అనగానే భయపడేవాళ్ళుంటారు. ఈ రెండు మందుల్లోనూ రక్తంలోకి చేరేది 2 శాతం కన్నా తక్కువ. గ్లకోమా, కంట్లో శుక్లం ఉన్నవాళ్ళు ముందే డాక్టరుకి ఆ సంగతి చెప్పాలి.

మందులచీటీ

పైవారు చుక్కల గురించి ఒక ముక్కలో వదిలేశారు. ఈ కేసులో సగం దిబ్బడ వాటివల్లే అయ్యుండొచ్చు, అందుకే వివరంగా రాస్తున్నా.

ఆక్సీమెటాజోలిన్ 0.05 శాతం, జైలోమెటాజోలిన్ 0.1 శాతం, రెండూ ఒకే జాతి. రక్తనాళాల్ని బిగించి నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు, అంతే. ఆ తర్వాత మందు దిగగానే నాళాలు ముందుకన్నా ఎక్కువ ఉబ్బుతాయి, మళ్ళీ చుక్క వేయాల్సి వస్తుంది. రెండు నెలలంటే ముక్కు ఆ చుక్కకి బానిసైనట్టే. పైన బ్రాండు పేరు ఏదున్నా, వెనక చిన్న అక్షరాల్లో ఈ రెండు పేర్లలో ఏదుందో చూసుకోండి. ఒకే కంపెనీ, ఒకే పేరుతో ఉప్పునీటి చుక్కలు కూడా అమ్ముతుంది. అట్ట రంగు చూసి కొంటే పొరపాటు జరుగుతుంది.

మానడం ఎలాగంటే, ముందు స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి వారం నడవనివ్వండి. తర్వాత ఒక ముక్కులో పూర్తిగా ఆపేయండి, రెండో పక్క మాత్రం రాత్రికి వేసుకోండి. ఆపిన పక్క నాలుగైదు రోజులు బిగుసుకుని, నెమ్మదిగా తెరుచుకుంటుంది. అది తెరుచుకున్నాక రెండోది ఆపండి. తలకింద ఇంకో దిండు పెట్టుకుంటే ఆ రాత్రులు కాస్త గడుస్తాయి. మొత్తం మీద రెండు మూడు వారాల పని.

ఇంకోటి, "జలుబు మాత్ర" అని కౌంటర్ మీద ఇచ్చేవాటిలో చాలావాటికి పారాసిటమాల్, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపి ఉంటాయి. మాత్రగా మింగిన ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడకి పనిచేయదని 2023లో అమెరికా ఎఫ్‌డీఏ సలహా సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. క్లోర్‌ఫెనిరమిన్ మగత తెస్తుంది, కఫాన్ని ఎండబెట్టి ఇంకా చిక్కగా చేస్తుంది. చిక్కటి కఫం కదలకపోవడమే మీ బాధ అయినప్పుడు అది ఎందుకు?

మాంటెలుకాస్ట్ అలర్జీ లేనివాళ్ళకి ఇందులో పెద్దగా ఉపయోగపడదు. నిద్రలో పీడకలలు, చిరాకు, దిగులు లాంటివి కనబడితే ఆపి డాక్టరుకి చెప్పాలి. 2020 నుంచి అమెరికాలో ఆ మందు మీద ఈ హెచ్చరికే పెట్టెలో గీసి మరీ ముద్రిస్తున్నారు. తుమ్ములు, ముక్కు కళ్ళు దురద, నీళ్ళలా కారడం, దుమ్ము దులిపినప్పుడో వయ్యారిభామ పూసే రోజుల్లోనో ఎక్కువవడం ఉంటే అలర్జీ పరీక్ష చేయించుకోవడం అర్థవంతం. మీరు రాసినదాంట్లో అవేవీ లేవు.

ముక్కుసూటి

చుక్కల సంగతి బాగా చెప్పారు. నేతి మంట మిగిలింది.

మంటకి కారణం నీళ్ళు కాదు, ఉప్పు లెక్క. రక్తంలో ఉన్నంత ఉప్పదనం, అంటే 0.9 శాతం, ఉంటే ముక్కుకి ఏమీ తెలియదు. తక్కువైనా మండుతుంది, బాగా ఎక్కువైనా మండుతుంది. లీటరు నీళ్ళకి 9 గ్రాముల ఉప్పు. 5 మిల్లీలీటర్ల కొలత చెంచాతో తలకొట్టి ఒకటిన్నర చెంచా. దానికి అర చెంచా తినే సోడా కలిపితే మంట ఇంకా తగ్గుతుంది, కఫం పల్చబడుతుంది. తినే సోడా అంటే వంట సోడా. బేకింగ్ పౌడర్ కాదు, బట్టల సోడా అంతకన్నా కాదు. నాలుక మీద వేసుకుంటే కన్నీళ్ళంత ఉప్పగా ఉండాలి, సాంబారంత కాదు. అయోడిన్, గడ్డకట్టకుండా కలిపే పొడులు కొందరికి చురుక్కుమంటాయి, అయోడిన్ లేని ఉప్పు దొరికితే మేలు. ఇదంతా తలనొప్పి అనుకుంటే మందుల షాపులో ముక్కు కడిగే పొడి ప్యాకెట్లుంటాయి. సెలైన్ ఎక్కించే 500 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్ సీసా కూడా పనికొస్తుంది, మూత తీసిన రోజే వాడేయాలి. డెక్స్‌ట్రోజ్ కలిసిన సీసా తేకండి, పేరు చదివి తీసుకోండి.

నీళ్ళ విషయంలో మాత్రం రాజీ లేదు. కుళాయి, బోరు నీళ్ళు నేరుగా ముక్కులోకి పోయొద్దు. బుడగలు తెర్లుతూ కనీసం ఒక నిమిషం మరిగించి, మూతపెట్టి, గోరువెచ్చగా చల్లారనిచ్చినవే వాడాలి. నెగ్లేరియా అనే అమీబా తాగితే ఏమీ చేయదు, కడుపులోని ఆమ్లం చంపేస్తుంది. ముక్కు పైభాగానికి చేరితే వాసన నాడి పట్టుకుని మెదడుకి పాకుతుంది. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్ళతో నేతి చేసుకున్న ఇద్దరు ఇలాగే చనిపోయారు. చాలా అరుదు, నిజమే. కానీ ఒక్క నిమిషం మరిగిస్తే పోయే ప్రమాదం అది.

నేతి చెంబు మంచిదే. ఇంకా మంచిది 200 నుంచి 240 మిల్లీలీటర్ల నొక్కుడు సీసా. సింకు మీదకి వంగి, నోరు తెరిచి, "కా" అని సాగదీస్తూ మెల్లగా నొక్కండి. అలా అంటే అంగుడు పైకి లేచి గొంతులోకి నీళ్ళు దిగవు. సగం ఒక పక్క, సగం రెండో పక్క. అయ్యాక వంగే తల అటూ ఇటూ తిప్పి కారనివ్వండి, ఆ తర్వాత రెండు ముక్కులూ తెరిచే మెల్లగా చీదండి. ఒక ముక్కు మూసి బలంగా చీదితే నీళ్ళు చెవి గొట్టంలోకి ఎక్కి చెవి బిగుసుకుంటుంది. ముక్కు పూర్తిగా మూసుకుపోయి ఉంటే బలవంతంగా నొక్కొద్దు.

కృష్ణాతీరం

చాలా థాంక్సండీ. రెండు అనుమానాలు. ఇంట్లో ఆర్వో ఫిల్టర్ ఉంది, ఆ నీళ్ళయితే మరిగించకుండా వాడొచ్చా? ఆవిరి ఆపేయాలా? ఆవిరి పట్టిన కాసేపు హాయిగానే ఉంటుంది.

మందులచీటీ

ఆర్వో నీళ్ళు కూడా మరిగించాల్సిందే. పొర వడకట్టినా, ఆ తర్వాత ట్యాంకులో, పైపులో నిలవున్న నీళ్ళే మీకు వచ్చేది. రోజూ తాగడానికి పర్వాలేదు గానీ ముక్కుకి చాలదు. సీసాని ప్రతిసారీ మరిగించిన నీళ్ళతో కడిగి బోర్లించి ఆరబెట్టండి, మూడు నెలలకోసారి మార్చండి. తడిగా మూత బిగించి బాత్రూమ్‌లో పెడితే లోపల జిగురు పట్టేస్తుంది.

ఆవిరి హాయే, వైద్యం కాదు. వాపుని తగ్గించదు. మెంథాల్ గుళిక వేసినప్పుడు ముక్కు తెరుచుకున్నట్టనిపించేది చలిని పసిగట్టే నాడులు మేలుకోవడం వల్ల. గాలి దారి మాత్రం అంతే ఉంటుంది. మీకు బాగుంటే పట్టుకోండి. పిల్లలున్న ఇంట్లో మాత్రం దుప్పటి కప్పి, ఒళ్ళో మరిగే నీళ్ళ గిన్నె వద్దు. కాలిన గాయాలతో ఆస్పత్రికి వచ్చే పిల్లల్లో ఇదొక మామూలు కారణం. పసిపిల్లలకి కర్పూరం, మెంథాల్ అసలే వద్దు.

పంటిగుట్టు

ఒక పాయింటు కలుపుతాను. పై దవడ వెనక పళ్ళ వేర్లు బుగ్గ సైనస్ నేలకి ఆనుకునే ఉంటాయి, కొందరికి మధ్యలో పల్చటి పొరే అడ్డం. పన్ను చచ్చి వేరు దగ్గర చీము పడితే అది పైకి సైనస్‌లోకి చేరుతుంది. గుర్తులు: ఒక పక్కే ఉండటం, చీమిడి కుళ్ళు కంపు కొట్టడం, యాంటీబయాటిక్ కోర్సు నడిచినన్నాళ్ళు తగ్గి మళ్ళీ రావడం. పన్ను నొప్పి ఉండాలని లేదు, నాడి చచ్చిపోయి ఉంటుంది కనుక. సైనస్ సీటీలోనే వేర్ల చుట్టూ నల్లటి వలయం కనబడుతుంది, కానీ రిపోర్టు రాసేవారు సైనస్ వరకే చూసి వదిలేసిన సందర్భాలు తక్కువేం కాదు. పన్ను బాగుచేయకుండా సైనస్ ఎన్నిసార్లు కడిగినా దండగే. మీది రెండు పక్కలా ఉంది కాబట్టి అవకాశం తక్కువ.

నడకుదురు

ముక్కుసూటి గారితో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక చోట తప్ప. వాసన సగం తగ్గింది అన్నారు. అది చిన్న విషయం కాదు. పన్నెండు వారాలు స్ప్రే కొట్టి చూద్దాం అనే ముందు ముక్కులోకి ఎండోస్కోప్ (సన్నటి కెమెరా గొట్టం) పెట్టి చూసారా? పాలిప్‌లు ఉంటే దారి మారుతుంది. ఓపీలోనే పది నిమిషాల పని, తిమ్మిరి స్ప్రే చాలు.

మనవైపు "ముక్కులో కండ పెరిగింది" అనేది మూడు వేర్వేరు సంగతులకి వాడతారు. టర్బినేట్ అంటే అందరికీ ఉండే మడత; గులాబి రంగులో ఉంటుంది, తాకితే నొప్పి. పాలిప్ అంటే తొక్క తీసిన ద్రాక్షలా లేత బూడిద రంగులో నిగనిగలాడే తిత్తి, తాకినా తెలియదు. మూడోది దూలం వంకర, అసలు కండే కాదు. ఏదన్నారో విడదీసి అడగండి.

పాలిప్‌లుంటే స్ప్రేతో పాటు డాక్టరు ఒకటి నుంచి మూడు వారాలు ప్రెడ్నిసోలోన్ మాత్రలు ఇస్తారు. ఏడాదికి ఒకటి, మహా అయితే రెండుసార్లు. షుగర్, అల్సర్ ఉన్నవాళ్ళకి ఇబ్బంది కనుక కౌంటర్ మీద సొంతంగా కొనకూడదు. పాలిప్‌లతో పాటు ఆస్తమా ఉండి, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుంటే ఆయాసం వచ్చేవాళ్ళు ఒక రకం. వాళ్ళు ఆ నొప్పి మాత్రల జోలికే పోకూడదు. అన్నీ చేసినా మళ్ళీ మళ్ళీ పెరిగేవాళ్ళకి డుపిలుమాబ్ ఇంజెక్షన్, 300 మిల్లీగ్రాములు రెండు వారాలకోసారి చర్మం కింద. అమెరికాలో 2019లో దీనికి అనుమతి వచ్చింది. పాలిప్ కరుగుతుంది, వాసన తిరిగొస్తుంది. ఆపేస్తే మళ్ళీ పెరగొచ్చు. ఖరీదు మాత్రం మామూలు జీతగాడు భరించేలా లేదు.

ఆపరేషన్ గురించి ఒక అపోహ ఉంది, జబ్బుని కోసి తీసేస్తారని. అది తలుపులు తెరవడం మాత్రమే. బుగ్గ సైనస్ రంధ్రం అడుగున కాదు, పైన ఉంటుంది. తూము గది పైకప్పు దగ్గర పెట్టినట్టన్నమాట. కఫాన్ని సూక్ష్మ రోమాలు పైకి మోసి బయటపడేయాలి. వాపుతో ఆ దారి మూసుకుంటే లోపల నిలిచిపోతుంది. ఆపరేషన్‌లో మత్తిచ్చి, బయట కోత లేకుండా, ముక్కులోంచే ఆ దారి వెడల్పు చేస్తారు. దారి తెరవని సైనస్‌లోకి కడిగే నీళ్ళు పెద్దగా వెళ్ళవు, తెరిచాక వెళ్తాయి. అందుకే ఆ తర్వాత 240 మిల్లీలీటర్ల ఉప్పునీటిలో బ్యుడెసోనైడ్ రెస్ప్యూల్ ఒకటి కలిపి కడగమంటారు (నెబ్యులైజర్‌లో వేసే స్టెరాయిడ్ మందే). అంటే కడగడం, స్ప్రే ఆపరేషన్ తర్వాతా తప్పవు. ఇప్పుడే చేయలేనివాళ్ళు అప్పుడు చేస్తారా అన్నది చూసుకోవాలి. కన్ను, మెదడు పొర పక్కనే ఉంటాయి కనుక కంటికి దెబ్బ, మెదడు నీరు కారడం లాంటివి జరిగే అవకాశం ఉంది, వందలో ఒకటి కన్నా తక్కువ. తర్వాత ఒకటి రెండు వారాలు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, పెచ్చులు తీయించుకోవడానికి రెండు మూడుసార్లు వెళ్ళాలి.

ఆగకూడని కేసులు వేరే ఉన్నాయి. కంటి చుట్టూ వాపు, చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనబడటం, నుదుటి మీద మెత్తటి ఉబ్బు, వాంతులతో తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం అయితే అదే రోజు ఆస్పత్రి. ఒక్క పక్కే నెలల తరబడి రక్తం కలిసి కారుతుంటే గడ్డ కాదని తేల్చుకోవాలి. చిన్నపిల్లలకి ఒక ముక్కులోంచే కంపు కొడుతుంటే చింతపిక్కో పూసో ఇరుక్కుందేమో చూడాలి. షుగర్ అదుపులో లేనివాళ్ళకి బుగ్గ మొద్దుబారి, ముక్కులో నల్లటి పెచ్చు కనబడితే అది బ్లాక్ ఫంగస్ కావొచ్చు, ఒక్క గంట కూడా ఆలస్యం చేయకూడదు. 2021లో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి బ్లాక్ ఫంగస్‌కి నోడల్ కేంద్రంగా నడిచిన రోజులు ఎవరూ మరిచిపోలేదు.

ఇది చదివే మిగతావారికో మాట. ముక్కు శుభ్రంగా ఉండి తలనొప్పి మాత్రమే ఉంటే "నాకు సైనస్ ఉంది" అనకండి. సైనస్‌లు అందరికీ ఉంటాయి. సైనస్ తలనొప్పి అని చెప్పుకున్న 2,991 మందిని 2004లో పరీక్షిస్తే 88 శాతం మందిది మైగ్రేన్ కోవలోకే వచ్చింది. మైగ్రేన్‌లోనూ ముక్కు కారుతుంది, బుగ్గ బరువెక్కుతుంది.

ముక్కుసూటి

ఎండోస్కోపీ మాట ఒప్పుకుంటాను, అది ముందు. పాలిప్ లేకపోతే పన్నెండు వారాలు కడగడం, స్ప్రే. అప్పటికీ బాధ ఉంటే, జలుబు లేని రోజు చూసి కొత్త సీటీ. దానిలోనూ దారులు మూసుకుని ఉంటే ఆపరేషన్‌కి ఒప్పుకోవడంలో తప్పులేదు.

కృష్ణాతీరం

ఎండోస్కోపీకి వెళ్తున్నాను. ఆఖరి ప్రశ్న: కడగడం, స్ప్రే రెండూ రాత్రే అయితే ఏది ముందు?

మందులచీటీ

కడగడం ముందు. పావుగంట ఆగి, మిగిలిన నీళ్ళు కారిపోయాక స్ప్రే. తిరగేసి చేస్తే మందంతా సింకులోకి పోతుంది. పడుకునే ముందు గంట వ్యవధి ఉంచండి, లేకపోతే లోపల నిలిచిన నీళ్ళు పక్కకి తిరిగినప్పుడల్లా దిండు మీదకి కారతాయి.